ఎక్స్-కిరణ గ్రాహకములు: రొదను జయించిన చరిత్ర

1895వ సంవత్సరమున రాంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొన్ననాడు వానికి సాక్షులు మెఱయు తెరయు, ఛాయాచిత్ర ఫలకమును మాత్రమే. నేడు ఒక్కొక్క ఫోటానును వేరుగ లెక్కించు సిలికాను పలకలు గలవు. ఈ మార్పునకు ప్రధాన కారణము పలక వెనుకనున్న విద్యుత్పరికరము.

8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాను సిలికానులో విడిపించు ఎలక్ట్రానులు సుమారు 2,200. పరికరము స్వయముగ పుట్టించు రొద వెయ్యి ఎలక్ట్రానులంత యున్నచో సత్యాసత్యములు కలిసిపోవును. అల్లరి మిన్నుముట్టిన తరగతిలో మెల్లగ పలుకు బాలుని సమాధానము మావంటి ఉపాధ్యాయులకు వినబడదు, ఇదియు నట్టిదే.

వర్ధకపు ముంగిట నున్న విద్యుద్ధారణశక్తి పెరిగినకొలది రొద పెరుగును. కావున శాస్త్రజ్ఞులు పలకను చిన్నగడులుగ విభజించి, ప్రతి గడికిని ప్రత్యేక వర్ధకమును సన్నని లోహపు బొట్టుతో నతికించిరి. సెర్న్ సంస్థలో 1990 దశకమున వెలసిన తొలి మెడిపిక్స్‌లో గడి వెడల్పు 170 మైక్రానులు. మెడిపిక్స్-2లో 55 మాత్రమే. రొద నూటయేబది ఎలక్ట్రానుల లోపునకు దిగెను. అంతకు చాల ఎగువన హద్దు నిర్ణయించుటచే అసత్యపు లెక్క తొలగెను.

2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోటనుండి యెగసిన ఆస్ట్రోశాట్‌లో 16,384 గడుల కాడ్మియం-జింక్-టెల్యూరైడు గ్రాహకము అమర్చబడెను. పరభాషా ప్రాంతములందు పెరుగు మన బాలురు ఈ కథను తెలుగుననే వినవలెను. శాస్త్రము చెప్పజాలని భాష బడిలో నిలువజాలదు.