అన్ని ర్యాంకులూ చేసినాయన

మొన్న మాదాపూర్‌లో మా ఆఫీసులో ఫైర్ డ్రిల్. అలారం మోగగానే విసుక్కుంటూ తొమ్మిది అంతస్తులు దిగాం. కింద నిలబడి అప్రైజల్ కబుర్లు. ఎవరికి ఏ డిజిగ్నేషన్ వచ్చింది, ఎవరికి రాలేదు! అందరూ దిగేదాకా మెట్ల దగ్గర ఉండిపోయింది మాత్రం సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఒక్కరే. మాజీ సైనికుడు. ఆయన్ని చూస్తే నాకు విలియం ఫీహన్ గుర్తొచ్చారు.

ఫీహన్ 1929లో పుట్టారు. తండ్రి కూడా ఫైర్‌మానే. కొరియా యుద్ధంలో పనిచేసొచ్చి, 1959లో న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరారు. అక్కడ అన్ని ర్యాంకులూ చేసిన మొదటి మనిషి ఆయనే. 1993లో కొన్నాళ్ళు కమిషనర్ కూడా. మన భాషలో చెప్పాలంటే ఫ్రెషర్ నుంచి సీఈవో దాకా, అదీ కంపెనీ మారకుండా :)

2001 సెప్టెంబర్ 11 నాటికి ఆయనకి 71 ఏళ్ళు, డిప్యూటీ కమిషనర్. ఆ వయసులో, ఆ పదవిలో ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేసినా ఎవరూ ఏమీ అనరు. కానీ ఆయన టవర్ల ఎదురుగానే ఉన్నారు. 9:59కి సౌత్ టవర్ కూలింది. పక్క బిల్డింగ్ గరాజ్‌లోకి వెళ్ళి బతికి బయటపడ్డారు. చీఫ్ పీటర్ గాన్సీ మిగతావాళ్ళని ఉత్తరం వైపు వెళ్ళిపొమ్మని, తను మాత్రం వెనక్కి నడిచారు. ఫీహన్ కూడా వెళ్ళిపోలేదు. 10:28కి నార్త్ టవర్ కూలి ఇద్దరూ పోయారు. ఆ రోజు పోయిన 343 మంది ఫైర్ సిబ్బందిలో వయసులో అందరికన్నా పెద్ద ఫీహనే.

2015లో ఓ ఫైర్‌బోట్‌కి ఆయన పేరు పెట్టారు.

డ్రిల్ అయ్యాక లిఫ్ట్ కోసం నిలబడి మా సూపర్‌వైజర్‌ని పేరడిగాను. మూడేళ్ళుగా రోజూ గుడ్ మార్నింగ్ చెప్తున్నారు. నాకు అప్పటిదాకా తెలీదు.