ఆదోని తుపాకుల బేరం

2026తో టిప్పు సుల్తాన్ ఆదోని ముట్టడికి 240 ఏళ్లు. 1786 వేసవిలో జరిగిన ఆ ముట్టడి గురించి రాద్దామని కూర్చున్న రోజే టెక్సస్ నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఎమ్మిగనూరు కుర్రాడు. చేనేత ఇంట పుట్టి కంప్యూటర్ల ఉద్యోగానికి వెళ్లినవాడు.

"అన్నా, మిలిటరీవోళ్లు వాడి పక్కనబెట్టిన రైఫిల్ ఒకటి కొనల్లనుకుంటాండా. దుడ్లు తక్కువుండాయి. ఏది తీసుకోమంటావు?"

పాత ఆయుధాల పుస్తకాలు నా దగ్గర ఉన్నాయని వాడికి తెలుసు. అక్కడ లైసెన్సున్న దుకాణాల్లో ఇలాంటివి చట్టబద్ధంగానే అమ్ముతారు. వాడి ముందు మూడున్నాయి. 1891 నాటి రష్యన్ నమూనా మోసిన్ నాగాంట్ ఒకటి. మన ఇషాపూర్ కార్ఖానాలో చేసిన పాయింట్ 303 లీ ఎన్‌ఫీల్డ్ రెండోది. మన పోలీసు స్టేషన్లలో త్రీ నాట్ త్రీ అనేది దీన్నే. 1962 చైనా యుద్ధం తర్వాత అదే ఇషాపూర్ 7.62 మిల్లీమీటర్ల తూటాకు తయారు చేసిన 2ఏ1 మూడోది.

"గొట్టం లోపల దీపం వేసి చూడు. మరలు మెరుస్తున్నాయా, తుప్పు తిన్నాయా అన్నది ముఖ్యం. బోల్టు మీద నెంబరు, ఒంటి మీద నెంబరు ఒకటే కావాలి. చెక్క పగిలిందేమో చూడు. అన్నిటికన్నా ముందు తూటా ఎక్కడి నుంచి వస్తుందో చూసుకో" అన్నాను. ఆ చివరి మాట నాకు నేర్పింది ఆదోని.

ఆదోని కోట పాత చరిత్ర పెద్దదే గానీ తుపాకుల కథ అందులో ఆలస్యంగా మొదలవుతుంది. విజయనగర రాజులకు ఇది ఉత్తరపు కాపు. తళ్లికోట యుద్ధం జరిగిన మూడేళ్లకు, 1568లో, బీజాపూర్ ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు మన చేతికి దొరికేది కొద్దిపాటి పేర్లే. 1662లో గవర్నరుగా వచ్చిన సిద్ది మసూద్‌తో మళ్లీ వెలుగు పడుతుంది. జామియా మసీదు కట్టించింది ఆయనే. మంచాల గ్రామాన్ని రాఘవేంద్ర స్వామికి ఇచ్చిన నవాబుగా మంత్రాలయం భక్తులు తలచుకునేదీ ఆయననే. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ముట్టడించినప్పుడు కొండ మీది కోట లొంగలేదట. ఫిరంగులను మసీదు వైపు తిప్పగానే మసూద్ కోట అప్పగించాడని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. ఆ మసీదు ముందు నిలబడిన ప్రతిసారీ నాకు ఆ మాట నమ్మాలనిపిస్తుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. బసాలత్ జంగ్. హైదరాబాద్ నిజాం అలీకి తమ్ముడు. అన్న పక్కన తమ్ముడికి దక్కింది ఆదోని, రాయచూరు వైపు సీమ, తూర్పున సముద్రతీరంలో గుంటూరు సర్కారు. ఒకవైపు అన్న, ఇంకోవైపు మరాఠాలు, దక్షిణాన మైసూరులో పెరుగుతున్న హైదర్ అలీ, సముద్రం మీద ఇంగ్లీషు కంపెనీ. ఇందరి మధ్య బతకాలంటే నికరమైన సైన్యం కావాలి. ఖజానా మాత్రం చిన్నది.

అప్పటికి దేశంలో తుపాకులు రెండు రకాలు. ఊరి కమ్మరి చేసే వత్తి తుపాకి చవక. కానీ చేతిలో నిప్పున్న వత్తి ఉండాలి, చినుకు పడితే ఆరిపోతుంది, నాలుగు అడుగుల దూరంలో మందుగుండు సంచి ఉంటే ప్రమాదం. రెండోది చెకుముకి తుపాకి. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కు మీద గీరుకుని నిప్పు రాలుతుంది. శిక్షణ ఉన్నవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు. అది ఎక్కువగా ఐరోపా నుంచే రావాలి, దాన్ని వరసలో నిలబడి కాల్చడం నేర్పేవాడూ అక్కడి నుంచే రావాలి. బసాలత్ జంగ్ ఏరుకున్నది ఫ్రెంచివారిని. భారతదేశంలో ఫ్రెంచివారి రాజకీయం 1761లో పుదుచ్చేరి పతనంతోనే చితికిపోయింది. పని లేని అధికారులు, జీతం లేని సిపాయిలు దక్కన్ అంతటా కొలువుల కోసం తిరుగుతున్నారు. పెద్ద రాజ్యం వదిలేసిన సైన్యాన్ని చిన్న నవాబు కొనుక్కోగలిగిన సమయం అది.

ఆ దళానికి నాయకుడు లాలీ. పుదుచ్చేరి పోగొట్టినందుకు పారిస్‌లో 1766లో తల నరికించుకున్న జనరల్ లాలీ వేరు, ఈయన వేరు. ఈ లాలీ ఆదోనిలో ఏళ్ల తరబడి ఉన్నాడు. రణమండల కొండ కింద, రామజల చెరువు దాపున ఫ్రెంచి ఆజ్ఞలకు మన సీమ సిపాయిలు అడుగులు వేస్తున్న దృశ్యాన్ని నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను.

మరి ఈ దళానికి తూటాలు, మందుగుండు, కొత్త మనుషులు ఎక్కడి నుంచి? మోటుపల్లి రేవు నుంచి. కాకతి గణపతిదేవుడు 1244లో ఓడ వర్తకులకు అభయ శాసనం వేయించిన మోటుపల్లే అది. గుంటూరు సర్కారు బసాలత్ జంగ్‌ది కాబట్టి ఆ రేవూ ఆయనదే. ఓడ దిగిన సరుకు అక్కడి నుంచి ఆదోనికి రావాలంటే మూడు వందల కిలోమీటర్లకు పైగా నడవాలి, మధ్యలో నల్లమల. ఫ్రెంచి తుపాకి గొట్టం 17.5 మిల్లీమీటర్లు, ఇంగ్లీషు తుపాకిది 19. ఇంగ్లీషు గుండు ఫ్రెంచి గొట్టంలో దూరదు. ఫ్రెంచి గుండును ఇంగ్లీషు గొట్టంలో వేస్తే వదులై గురి తప్పుతుంది. అంటే మోటుపల్లి దారి మూసేస్తే, పక్కవాడి దగ్గర అరువు తెచ్చుకోవడానికీ లేదు.

1775లో ఆ దళానికి మొదటి పరీక్ష. బళ్లారి పాళెగాడు కప్పం ఎగ్గొట్టాడని బసాలత్ జంగ్ లాలీని ముట్టడికి పంపాడు. పాళెగాడు హైదర్‌కు కబురు పెట్టాడు. హైదర్ శ్రీరంగపట్నం నుంచి రాత్రింబవళ్లు నడిపించుకొచ్చి వెనక నుంచి విరుచుకుపడ్డాడు. లాలీ తప్పించుకున్నాడు. బళ్లారి మాత్రం పాళెగాడికీ దక్కలేదు, నవాబుకూ దక్కలేదు. హైదరే ఉంచుకున్నాడు.

ఇంగ్లీషువారికి ఈ ఫ్రెంచి దళం కంట్లో నలుసు. ఏళ్ల పాటు ఒత్తిడి చేసి చివరికి 1779లో బసాలత్ జంగ్‌తో ఒప్పందం రాయించుకున్నారు. ఫ్రెంచివారిని పంపేయాలి, గుంటూరును కౌలుకు ఇవ్వాలి, బదులుగా ఆదోని కాపలాకు కంపెనీ సైన్యం వస్తుంది. సంతకంతోనే మోటుపల్లి పోయింది. కర్నల్ హార్పర్ గుంటూరు నుంచి కంపెనీ దళంతో బయలుదేరాడు. దారి కడప సీమ మీదుగా, అది హైదర్ చేతిలో ఉంది. కనుమల్లో హైదర్ మనుషులు అడ్డం నిలిచారు. హార్పర్ వెనక్కి తిరిగాడు. కంపెనీ గుంటూరును తీసుకెళ్లి ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చింది. బసాలత్ జంగ్‌కు ఫ్రెంచి తుపాకి పోయింది, ఇంగ్లీషు తుపాకి రాలేదు. అన్న నిజాం అలీకి కోపం, హైదర్‌కు కోపం. రెండో మైసూరు యుద్ధానికి దారితీసిన కారణాల్లో మన ఆదోని బేరం ఒకటి.

లాలీ ఏమయ్యాడు? కొంతకాలం నిజాం కొలువు, తర్వాత హైదర్ కొలువు. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కంపెనీ దళం చిత్తుగా ఓడి, కర్నల్ బెయిలీ బందీ అయినప్పుడు హైదర్ పక్షాన లాలీ ఉన్నాడు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ మహల్ గోడ మీద ఆ యుద్ధం బొమ్మ ఇప్పటికీ ఉంది. పేలిపోతున్న మందుగుండు బండి, చుట్టూ గుర్రాలు, ఒక మూల దుర్భిణి కంటికి ఆనించిన ఫ్రెంచి అధికారి. ఆయనే లాలీ. ఆదోని నుంచి ఎవరు వెళ్లినా ఆ గోడ ముందు కాసేపు ఆగమని చెబుతాను. ఆ మనిషి మన కోటలో ఏళ్లపాటు జీతం తిన్నవాడు.

బసాలత్ జంగ్ 1782లో పోయాడు. నాలుగేళ్లకు హైదర్ కొడుకు టిప్పు వచ్చాడు. కోటలో బసాలత్ జంగ్ కొడుకు మహాబత్ జంగ్, కుటుంబంలోని ఆడవాళ్లు. దాదాపు నెల రోజుల ముట్టడి. టిప్పు దాడులను కోట తట్టుకుంది. నిజాం, మరాఠా సైన్యాలు సాయానికి వచ్చాయి. కానీ వానాకాలం ముంచుకొస్తోంది, తుంగభద్ర పొంగితే వెనక్కి దారి ఉండదు. కుటుంబాన్ని తీసుకుని వాళ్లు నది దాటి రాయచూరు వైపు వెళ్లిపోయారు. కోటను, ఫిరంగులను, సామగ్రిని అలాగే వదిలేశారు. టిప్పు గోడలు పడగొట్టించి, తుపాకులు ఫిరంగులు గుత్తికి తరలించాడు.

మళ్లీ తన చేతికొచ్చిన ఈ సీమను 1800లో నిజాం కంపెనీకి వదులుకున్నాడు. కంపెనీ తరఫున మన్రో కలెక్టరై పాళెగాళ్ల ఆయుధాలు ఊడ్చేశాడు. 1801లో దేవనకొండ దగ్గరి తెర్నేకల్లులో ముట్టుకూరు గౌడప్ప ఊరిని వెంటబెట్టుకుని కంపెనీ సైన్యాన్ని ఎదిరించాడు. ఆ ఊరి కథ వేరే వ్యాసమంత. 1857 తిరుగుబాటు తర్వాత మన సిపాయిలకు తెల్ల సిపాయిల కన్నా ఒక తరం వెనకటి తుపాకులే ఇచ్చారు. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేనివాడు తుపాకి ముట్టడానికి లేకుండా పోయింది.  తుపాకులు పోయాక మగ్గాలు, జిన్నింగ్ మిల్లులు, పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సంఘం. ఊళ్ల పేర్లు వీటితో పెరిగాయి. స్వాతంత్య్రం వచ్చాక కూడా పాయింట్ 303 సైన్యం తూటా కాబట్టి మామూలు పౌరుడికి నిషేధమే. పౌరుడి కోసం మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు పాయింట్ 315 చేశాయి, చూడ్డానికి లీ ఎన్‌ఫీల్డు తమ్ముడిలా ఉంటుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు మీద రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి 2020 రిపబ్లిక్ దినాన వీడ్కోలు పలికారు. ఇషాపూర్‌లో పుట్టిన రైఫిలును ఎమ్మిగనూరు వాడు టెక్సస్‌లో కొనగలడు, ఎమ్మిగనూరులో కొనలేడు.

కుర్రాడికి నేను చెప్పింది 2ఏ1. 7.62 తూటా అక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. పాయింట్ 303 తూటా ఖరీదు ఎక్కువ, పాత సరుకైతే పేల్చిన రోజే వేడినీళ్లతో గొట్టం కడగాలి, లేకుంటే అందులోని ఉప్పు గొట్టాన్ని తినేస్తుంది. అన్నీ విన్నాడు. పది రోజులకు ఫొటో పంపాడు. పాయింట్ 303 కొన్నాడు.

"మా తాత ఆదోనిలో కానిస్టేబులన్నా. ఇంట్లో ఆయన ఫొటోలో చేతిలో ఉండేది ఇదే. తూటాల సంగతి చూసుకుంటాలే. ఖాళీ తొడుగులు ఏరుకొచ్చి నేనే నింపుకుంటా. ఈడ ఒక పెద్దాయన నేర్పిస్తాండాడు."

ఫొటోను పెద్దది చేసి చూశాను. చెక్క మడమ మీద ఏదో ఠాణా వాళ్లు దిగ్గొట్టిన నెంబరు, అరిగిపోయి మూడంకెలు మిగిలాయి. రైఫిలును గోడకు, తాత బొమ్మ కింద పెట్టాడు.