ఆరు సంతకాలు

పెన్ను నీ చేతిలోకి వచ్చేసింది. మూత కూడా అన్నయ్యే తీసి ఇచ్చాడు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసే రేకుల షెడ్డు. బల్ల మీద ఆరు కాగితాలు. ఒక్కోదాని కింద పెన్సిలుతో చిన్న టిక్కు. పక్కన వేలిముద్రకు నీలం ఇంకు ప్యాడు.

"ఏం లేదు అమ్మడూ, నాన్న పేరున్న పొలం నా పేరుకి మారాలి. చిన్న సంతకం. లోపల పిలుస్తున్నారు."

అన్నయ్య మాట నువ్వెప్పుడు కాదన్నావు గనక? వానాకాలం కాలువ పొంగితే నిన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లింది ఈ మనిషే. జారిపోతానని భయపడి నువ్వు గోళ్లు దించిన మచ్చ అతని చెవి వెనక ఇంకా ఉంది. బయటివాడి కాగితమైతే నాలుగుసార్లు చదివేదానివి.

పెన్ను ఆనించబోతుంటే రెండో పేజీలో ఒక ముక్క కంటబడుతుంది. 'నా వాటా సొమ్ము యావత్తు నగదుగా ముట్టినది.'

ముట్టలేదు. రూపాయి ముట్టలేదు.

ఇది పేరు మార్చే కాగితం కాదు. హక్కు విడుదల దస్తావేజు.

తలెత్తుతావు. బెంచీ మీద అమ్మ. కొంగు అంచులో ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటోంది. విప్పుతోంది. మళ్లీ చుట్టుకుంటోంది. నీ వైపు చూడదు.

అమ్మకు తెలుసు.

పెళ్లిచేసి పంపేశాక పొలంలో నీకేముందని అనిపిస్తోందా? ఉంది. పెళ్లికాని ఆడపిల్లలకు వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినా కాకున్నా, తాతల ఆస్తిలో కూతురు కొడుకుతో సమానం. ఆ నాటికి తండ్రి బతికి లేకపోయినా సరేనని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు సంతకం పెట్టి, లోపలికెళ్లి ఇష్టపడే రాసిస్తున్నానన్నావో, తర్వాత మోసమని కోర్టుకెక్కినా రుజువు చేసుకోవాల్సింది నువ్వే.

పెట్టకపోతే? సంక్రాంతికి రమ్మని ఫోను రాకపోవచ్చు.

లోపల మళ్లీ పిలిచారు. అన్నయ్య కాగితం జరిపాడు. అరచేతిలో చెమట. పెన్ను జారుతోంది. ఇప్పుడే. చెప్పు.

మూత పెట్టేస్తావు.

"అడిగితే ఆలోచించేదాన్ని కదన్నయ్యా. అబద్ధమెందుకు?"

చాలాసేపు నేల చూస్తాడు. "రొయ్యల చెరువులో మునిగిపోయాను. నిన్నడగడానికి మొహం చెల్లలేదు."

కోపంతో నీ చేతులు వణుకుతున్నాయి. అతను తల వంచితే చెవి వెనక మచ్చ కనిపిస్తోంది. కొట్టాలనీ ఉంది, ఏడవాలనీ ఉంది.

"పద. అమ్మ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

రోడ్డవతల హోటల్లో ముగ్గురూ కూర్చున్నారు. అమ్మ ఇడ్లీ ముక్క తుంచి పట్టుకునే ఉంది, తినడం లేదు. అన్నయ్య ఎవరికెంత బాకీయో ఒక్కటొక్కటే చెబుతున్నాడు. నువ్వు ఆఖరి దాకా వింటున్నావు. ఆరు కాగితాలూ నీ సంచిలో ఉన్నాయి. ఒక్కదాని మీదా సంతకం లేదు.