కమాను కట్టల కథ

అన్నలారా, మన జీపుల వెనక ఉండే కమాను కట్ట నిన్నమొన్నటిది కాదు. 1800ల మొదట్లో ఇంగ్లండులో ఒబాడయా ఇలియట్ గుర్రబ్బండికి ఉక్కు కమాన్లు వేసి పేటెంటు తీసుకున్నాడు. 1941 విల్లీస్ మిలిటరీ జీపుకి నాలుగు చక్రాలకూ కమాన్లే. 1947లో మహీంద్రా వాళ్లు ఆ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలెట్టారు.

తర్వాత బురదల కోసం, రాళ్లదారుల కోసం బండి ఎత్తు పెంచడం వచ్చింది. యాక్సిల్‌కీ కమానుకీ మధ్య దిమ్మె పెడితే వెనక లేస్తుంది గానీ, ఇంజను లాగినప్పుడు యాక్సిల్ మెలితిరగడమూ పెరుగుద్ది. కదిలేటప్పుడు వెనక దడదడమంటే అదే అనుమానించాలి. బండి ఒక పక్కకి లాగితే ముందు యూ బోల్టులు చూడండి. అవి వదులైతే భారం సెంటర్ బోల్టు మీద పడి తెగుద్ది, యాక్సిల్ పక్కకి జరుగుద్ది. బిగించాకే పిల్లల్ని, బస్తాల్ని ఎక్కించండి.