ఆగిన అడుగునూ లెక్కించాలి: దుర్బల వృద్ధుల నడక కొలతలో ఒక చిక్కు

పెద్దవారికి అడుగు తడబడుతోందని ముందుగా గమనించేది ఇంట్లోవాళ్లే. వైద్యశాస్త్రం ఆ గమనింపును సెకన్లలోకి తెచ్చింది. 2001లో లిండా ఫ్రీడ్ బృందం అమెరికాలోని కార్డియోవాస్క్యులర్ హెల్త్ స్టడీ ఆధారంగా వార్ధక్య దౌర్బల్యానికి ఐదు లక్షణాలు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, నిస్సత్తువ, పిడికిలి పట్టు సడలడం, ఒంటికి పని తగ్గిపోవడం, నడక మందగించడం. వీటిలో మూడు కనిపిస్తే దౌర్బల్యం ఉన్నట్టే. నడక పరీక్ష చాలా సులువు. 15 అడుగుల దూరం, అంటే సుమారు నాలుగున్నర మీటర్లు, మామూలుగా నడవాలి. 159 సెంటీమీటర్లకు మించని ఎత్తున్న స్త్రీకి 7 సెకన్లో, అంతకంటే ఎక్కువో పడితే నడక మందగించిందని అర్థం.

స్టాప్‌వాచ్‌ను తక్కువ చేయలేం. 2011లో స్టెఫనీ స్టూడెన్‌స్కీ బృందం 9 అధ్యయనాల్లోని 34,485 మంది వృద్ధుల వివరాలను కలిపి చూస్తే, నడక వేగానికీ ఆయుష్షుకూ గట్టి సంబంధం కనిపించింది. అయితే వేగం సగటు మాత్రమే. నాలుగు మీటర్లు ఐదు సెకన్లలో నడిచిన ఇద్దరిలో ఒకరు అడుగులన్నీ సమంగా వేసి ఉండవచ్చు. మరొకరు ఒక కాలు చాచి, ఒక కాలు ఈడ్చి, గోడ పట్టుకుని చేరి ఉండవచ్చు. కాగితం మీద ఇద్దరిదీ సెకనుకు 0.8 మీటర్లే. జెఫ్రీ హౌస్‌డార్ఫ్ బృందం 2001లో ఈ తేడాను పట్టుకుంది. 52 మంది వృద్ధులను ఏడాదిపాటు గమనించగా, ఆ ఏడాదిలో పడిపోయినవారికి ఒక్కో అంగకు పట్టే సమయం మొదటి పరీక్షలోనే నిలకడగా లేదని తేలింది. వేగం మాత్రం వారిని వేరుచేసి చూపలేకపోయింది.

ఈ నిలకడలేమిని కొలవాలంటే చాలా అడుగులు కావాలి. దుర్బలులకు అన్ని అడుగులు వేసే ఓపిక ఉండదు. పైగా నడుముకు కట్టే సెన్సర్, పాదం నేలను తాకినప్పటి కుదుపును బట్టి అడుగును గుర్తిస్తుంది. కాళ్లు ఈడ్చి నడిచేవారిలో ఆ కుదుపు మందంగా ఉంటుంది. ఒక అడుగు లెక్క తప్పిందంటే పక్కపక్క అంగలు కలిసిపోయి ఒకే పెద్ద అంగగా నమోదవుతాయి; లేని తడబాటు పుట్టుకొస్తుంది. దాన్ని దోషమని తీసేస్తే, నిజంగా కాలు ఆగిన క్షణం కూడా దాంతోపాటే పోతుంది.

ఆ క్షణం విలువ ఎంతటిదో 1997లో స్వీడన్‌కు చెందిన లుండిన్-ఓల్సన్ బృందం చూపింది. వృద్ధుల వసతి గృహాల్లోని 58 మందిని నడుస్తుండగా మాటల్లోకి దించితే, 12 మంది ఆగిపోయారు. ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు. ఆ ఆగడాన్ని గుర్తించడానికి పక్కన నడిచేవారి కన్ను చాలింది.

అందుకే సెన్సర్‌తోపాటు పాదాల వీడియో కూడా తీయాలి. తొలగించే ప్రతి అంగనూ దానితో సరిచూడాలి. ఎవరివి ఎన్ని తొలగించారో ఫలితాల్లో చెప్పాలి. మధ్యమధ్య కూర్చోబెడుతూ చిన్న నడకలను పదేపదే నడిపించాలి. బయలుదేరే అడుగులనూ ఆగే అడుగులనూ విడిగా చూడాలి. చేతికర్ర పట్టినవారిని పక్కన పెట్టిన అధ్యయనాలను చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది: కొలత ఎవరి కోసమో వారే అందులో లేరు. కర్రతోనే నడవనిచ్చి, కర్ర ఉందని పట్టికలో రాసుకోవచ్చు.