‘బయో’ మల్చింగ్ షీట్ నేలలో కలిసిపోతుందా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో మిరప, టమాటాకు మల్చింగ్ షీట్ వేసే రైతులు ‘బయో’ అన్న పేరు ఒక్కటే నమ్మి కొనవద్దు. చెరకు నుంచి తయారైన పాలిథిన్ కూడా మామూలు పాలిథిన్‌లాగే నేలలో మిగిలిపోతుంది. మొక్కజొన్న నుంచి చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ త్వరగా కుళ్లాలంటే కంపోస్టు కేంద్రంలోలాగా 58 డిగ్రీల వేడి, తేమ కలిసి చాలా వారాలు ఉండాలి. మన నల్లరేగడిలో అది కుదరదు.

కొనే ముందు:
• ‘నేలలో కుళ్లుతుంది’ అన్న ధ్రువపత్రం అడగండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 17033 ప్రకారం రెండేళ్లలో 90 శాతం కుళ్లాలి.
• ‘కంపోస్టబుల్’ గుర్తు (ఐఎస్ 17088) కంపోస్టు కేంద్రానికే వర్తిస్తుంది, పొలానికి కాదు.
• ధ్రువపత్రం లేని షీట్‌ను పంట అయ్యాక పూర్తిగా ఏరివేయండి. దున్నేస్తే ముక్కలు వేర్లకు, నీరు ఇంకడానికి అడ్డమవుతాయి. కాల్చవద్దు.