గుడిని విప్పి కట్టిన చదువు

ఆలంపూర్‌కు కొద్ది దూరంలో, తుంగభద్ర వెళ్లి కృష్ణలో కలిసేచోట కూడవెల్లి అనే ఊరుండేది. సంగమం ఒడ్డునే బాదామి చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం. పన్నెండు వందల ఏళ్లకు పైగా రెండు నదుల వరదలనూ తట్టుకున్న ఆ గుడికి 1963లో గండం వచ్చిపడింది. ఆ ఏడు శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. జలాశయం 885 అడుగుల మట్టానికి నిండితే కూడవెల్లి నీట మునిగిపోతుంది.

ఊళ్లకు ఊళ్లే కదిలిపోవాల్సి వచ్చింది. మనుషులు మూటాముల్లె సర్దుకుని ఎలాగో కదులుతారు. మరి గుడి ఎలా కదులుతుంది?

ఆలంపూర్ నవబ్రహ్మాలయాలకు మొదట తట్టిన ఉపాయమే సరిపోయింది. ఊరికీ గుళ్లకీ కలిపి నది వైపు పెద్ద కట్ట పోశారు. కూడవెల్లిలో ఆ పాచిక పారలేదు. రెండు నదుల నడుమ నీటి నోట్లో ఉన్న గుడికి ఎంతెత్తు గోడ కడతారు?

అంతకుముందు నాగార్జునసాగర్ ఒక పాఠం నేర్పింది. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండమీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. అయితే అక్కడ బయటపడినవి చాలావరకు ఇటుక పునాదులు. కొన్నిటిని ఉన్నవి ఉన్నట్టు కదిలించలేక నమూనాలతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఈజిప్టులో 1964–68 మధ్య అబూ సింబెల్ ఆలయాలను రంపాలతో కోసి పైకి చేర్చారు. అవి కొండను తొలిచిన గుళ్లు కాబట్టి కోయక తప్పలేదు. కూడవెల్లిలో గర్భగుడి, మండపం, శిఖరం అన్నీ రాయిమీద రాయి పేర్చి కట్టినవే.

అదృష్టం కూడా అక్కడే కలిసొచ్చింది. చాళుక్య శిల్పులు గోడ రాళ్ల మధ్య సున్నం పెట్టలేదు. రాయి బరువే రాయిని పట్టి ఉంచేలా పేర్చారు. కట్టినవాళ్లు అనుకోకుండానే విప్పే వీలు ఉంచారన్నమాట.

వీలుంటే చాలదు, విప్పే విద్య తెలియాలి. చరిత్ర చదివిన పండితుడికి శాసనం తెలుసు, రాజు తెలుసు, శిల్పం తెలుసు. శిఖరంలో పైకి పోయేకొద్దీ వరుస వరుసకూ రాయి ఎంత తగ్గుతుంది? కొత్తచోట నేల ఇంత బరువు మోస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు ఇంజనీరింగ్‌లో ఉంది. ఇంజనీరుకు బరువు లెక్క తెలిసినా ఏ బొమ్మ ఏ దిక్కున ఉండాలో తెలియదు. ఒకరి చదువు ఒకరు నేర్చుకోక తప్పలేదు.

ముందు గుడి మొత్తాన్ని కొలిచి బొమ్మలు గీస్తారు. ఏ గోడ, కింది నుంచి ఎన్నో వరుస, వరుసలో ఎన్నో రాయి అన్నది ప్రతి రాతిమీదా రాస్తారు. విప్పేటప్పుడు శిఖరం నుంచి కిందికి వస్తారు, కట్టేటప్పుడు అధిష్ఠానం నుంచి పైకి పోతారు. కింది వరుసలో అంగుళం తేడా వచ్చినా పైన శిఖరం కుదరదు. మళ్లీ విప్పాల్సిందే. ఆ ఓపికతోనే సంగమేశ్వరుడు ఆలంపూర్ చేరాడు. ముంపులో పడిన పాపనాశి ఆలయాల సముదాయం కూడా అలాగే కొత్త నేలమీద లేచింది.

శ్రీశైలం ముంపు గుళ్ల తరలింపులో పనిచేసినవారిలో ఈమని శివనాగిరెడ్డి ఒకరు. ఆయన ఇటు స్థపతి, అటు పురావస్తు పరిశోధకుడు. ఆంధ్రదేశంలో నిర్మాణ విజ్ఞానం ఎలా ఎదిగిందో పరిశోధించి గ్రంథమే రాశారు. రెండు విద్యలూ ఒక్కచోట చేరితే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి ఆయనే నిదర్శనం.

ఆనాడు అవసరం నేర్పిన ఆ జోడు చదువుకు ఇప్పుడు కాలేజీలోనే దారి ఉంది. యూజీసీ 2022లో తెచ్చిన డిగ్రీ విధానంలో ప్రధాన సబ్జెక్టుతోపాటు మైనర్‌కూ చోటిచ్చారు. మూడేళ్ల డిగ్రీలో మైనర్‌కు 24 క్రెడిట్లు, నాలుగేళ్ల దానిలో 32. చరిత్రో, భూగోళమో, అర్థశాస్త్రమో చదివే పిల్లలు తమ కాలేజీలో ఇంజనీరింగ్ మైనర్ ఉందేమో అడగాలి. లేకపోతే పెట్టమని పట్టుబట్టాలి. పాత కట్టడాలు, చెరువులు, కోటలు ఉన్న ప్రతి ఊరికీ ఇలా రెండు విద్యలు వచ్చిన మనిషి కావాలి.